మోటారుసైకిలు ఇంజను నూనె : కూలికి ఇచ్చి మార్పించుటయా, స్వయముగా మార్చుకొనుటయా?

పూర్వము రైతునకు ఎడ్లబండి యెట్టిదో నేడు మోటారుసైకిలు అట్టిదైనది. పాలకేంద్రమునకు పాలు కొనిపోవుటకును, ఎరువు బస్తా తెచ్చుకొనుటకును, సంఘ కార్యాలయమునకు వచ్చుటకును అదియే వాహనము. ఎద్దునకు వేళకు కుడితి పెట్టని రైతు మన గ్రామములలో లేడు గాని, బండి యింజనులోని నూనె యెప్పుడు మార్చెనో జ్ఞాపకముంచుకొనువాడు మిక్కిలి అరుదు. ఈ నూనెను పట్టణమున కంపెనీ వర్కుషాపులో మార్పించుట మేలా, ఊరి మెకానిక్కుచేత మార్పించుట మేలా, మనమే యింటివద్ద మార్చుకొనుట మేలా యని సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. వ్యవసాయము చెప్పువారికి ఇంజనుతో పనియేమని కొందరనవచ్చును. రైతు చేతి రూపాయి యెటు పోవుచున్నదో చూచుటయు మా పనియే యని మేము తలంచుచున్నాము.

నూనె యేల మార్చవలయునో ముందు తెలిసికొనవలెను. ఇంజనులోని యినుప భాగములు ఒకదానితో నొకటి ఒరసికొని అరగకుండ నూనె నడుమ పొరవలె నిలుచును. వేడిని కొంత లాగివేయును. అరిగిన లోహపు రజమును, మసిని తనలో కలుపుకొనును. కొన్నాళ్లకు ఆ మురికి మిక్కుటమై, వేడికి నూనె చెడి, పొర నిలువదు. అప్పుడు పిస్టను, సిలిండరు అరుగును. నూనె మార్పునకు వందలలో అగు వ్యయము ఇంజను విప్పించుటకు వేలలో అగును.

ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనో బండితో ఇచ్చిన పుస్తకమున నుండును. కొన్ని బండ్లకు 6,000 కిలోమీటర్లకొకసారి మార్చి, నడుమ 3,000 వద్ద తగ్గినంత పోయవలెనని యుండును. మన దుమ్ము బాటలలో రెండు పాలక్యానులు కట్టుకొని తిరుగు బండికి అంతవరకు ఆగుట మాకు సమ్మతము కాదు. అట్టివారు 3,000కే మార్చుట మేలు.

ఇక లెక్క చూతము. దినమునకు 30 కిలోమీటర్లు తిరుగు రైతునకు ఏడాదికి సుమారు 11,000 కిలోమీటర్లగును. అనగా నాలుగు మార్పులు. ఒక సీసా నూనె 400 రూపాయలనుకొందము. స్వయముగా మార్చుకొన్న ఏడాదికి 1,600. ఊరి మెకానిక్కు ప్రతిమారు 80 రూపాయల కూలి తీసికొన్నచో 1,920. కంపెనీ వర్కుషాపున సర్వీసు కూలి 400, దానిపై నూటికి 18 వంతున పన్ను 72 చేరి, నూనెతో కలిసి మారొక్కింటికి 872, ఏడాదికి 3,488 అగును. ధరలు ఊరూరికి మారును గనుక సభ్యులు తమ తమ అంకెలు వేసికొని చూచుకొనవలయును.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనింపదగినవి. మెకానిక్కు కూలి మిగులునది ఏడాదికి 320 రూపాయలే. పానా, గరాటు, తొట్టి కొనుటకు 500 అయినచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు ఏడాదిన్నర దాటును. రెండవది, వర్కుషాపువారు నూనె మాత్రమే మార్చరు. గొలుసు, బ్రేకులు, గాలి జల్లెడ కూడ చూతురు. కావున ఆ రెండు పనులను ఒకే త్రాసున తూచరాదు. అయితే పట్టణము పాతిక కిలోమీటర్ల దూరమైనచో పోయి వచ్చుటకు పెట్రోలు, అంతకన్న మిన్నగా సగము దినము పోవును. నాట్ల కాలమున సగము దినమునకు వెల కట్టగల రైతు దీనిని ఇట్టే గ్రహించును.

క్రొత్త బండి కొన్నవారు మాత్రము తొందరపడరాదు. ఉచిత సర్వీసులలో కూలి మాత్రమే ఉచితము, నూనె వెల ఇచ్చుకొనవలసినదే. అయినను కంపెనీ గ్యారంటీ నిలుచుటకు ఆ సర్వీసులు వారివద్దనే వేళకు చేయించి పుస్తకమున ముద్ర వేయించుకొనవలెను. 300 రూపాయలకు ఆశపడి గ్యారంటీ పోగొట్టుకొనుట తెలివి గాదు.

నూనె ఎన్నికలో పలువురు మోసపోవుచున్నారు. గేర్లుగల మోటారుసైకిలులో క్లచ్చి పలకలు ఇంజను నూనెలోనే మునిగియుండును. కావున సీసాపై "జాసో ఎం.ఏ." అను గుర్తుండవలెను. కారు నూనెలలో కొన్నిటియందు జారుడు మందులు కలియుటచే క్లచ్చి పట్టక జారును. ఒక గ్రామమున ఒక రైతు మిగిలిన కారు నూనె పోసి, ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను అరచుటయే గాని బండి కదలదని మాకు చూపెను. చిక్కదన మెంతయో, 10డబ్ల్యు-30 యో మరొకటియో, పుస్తకమును బట్టి తీసికొనవలెను. విడి నూనె కొనరాదు. ఖాళీ సీసాలలో కల్తీ నూనె నింపి యమ్ముట కలదు గనుక, మీ సీసాకు చిల్లు పొడిచి పారవేయుడు.

స్వయముగా మార్చువారు బండిని సమతలమున పెద్ద స్టాండుపై నిలిపి, ఇంజను నాలుగు నిమిషములు నడిపి ఆపవలెను. గోరువెచ్చని నూనె మడ్డితోసహా దిగును. క్రింది బోల్టును సరియైన రింగు పానాతో విప్పి, పది పదిహేను నిమిషములు కారనీయవలెను. జల్లెడ యున్నచో కడుగవలెను, కాగితపు ఫిల్టరున్నచో మార్చవలెను. క్రొత్త వాషరు వేసి బోల్టును ముందు చేతితోనే త్రిప్పుడు. ఇంజను అడుగు అల్యూమినియపుది. బలము చూపినచో మర చెడును. మర తిరిగి వేయించుటకగు ఖర్చు మీరు కొన్నేండ్లు మిగుల్చుకొన్న కూలిని మ్రింగివేయును. చేతి నిదానము లేనివారు మెకానిక్కునకే యిచ్చుట లాభము. ఇందు సిగ్గుపడవలసినది లేదు. నూనె పోసి, రెండు నిమిషములు నడిపి, ఆపి, కొంచెమాగి కొలబద్ద చూడవలెను. రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువ యెట్లు చెరుపో ఎక్కువయు అట్లే చెరుపు.

దిగిన నల్లనూనె సంగతి రైతునకు అన్నిటికన్న ముఖ్యము. దానిని కాలువలో, బావిగట్టున, పెంటకుప్పపై పోయుట మేము కన్నులార చూచితిమి. అది భూమిలోనికి దిగి నీటిని చెరచును, నేల చచ్చును. పశువుల పుండ్లకు, పిడుదులకు పూయు వాడుక పూర్తిగా మానవలెను; అందలి లోహములు, మసి చర్మమునకు విషము. మన చేతులకు అంటినను సబ్బుతో వెంటనే కడుగుకొనవలెను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన నూనెను కూడ చేర్చినారు. దీనిని శుద్ధిచేసి తిరిగి నూనెగా మార్చు కర్మాగారములు కలవు. మెకానిక్కులవద్ద ప్రోగుచేయువారికి ఇది వెలగల సరుకే.

కావున పది మంది సభ్యులు కూడి, పానా, తొట్టి, గరాటులు సంఘమున నొక జత ఉంచుకొనుట మంచిదని మా యభిప్రాయము. తలకు 50 రూపాయలే పడును. మూతగల డబ్బా యొకటి గోదాములో ఎరువులకు దూరముగా నుంచి, అందు నల్లనూనె మాత్రమే, నీరు గాని పెట్రోలు గాని కలుపక పోసి, నిండినప్పుడు అనుమతిగలవారికి ఇచ్చి రసీదు తీసికొని, వచ్చిన సొమ్మును సంఘము లెక్కలో జమకట్టవచ్చును.