మోక్షగుండము వారి కథయు, మార్కాపురము పలకయు

గిద్దలూరు సీమలో క్రొత్తవాడు గుమ్మము త్రొక్కినంతనే పెద్దలడుగు ప్రశ్న, “ఏ యూరు నాయనా? మీ యింటిపేరేమి?” అనునది. ఈ రెండింటికిని ఉత్తరము దొరకిన యెడల మనిషి కథ సగము తెలిసినట్లేయని వారి తలంపు. ఈ తలంపునకు బేస్తవారిపేట మండలములోని మోక్షగుండము గ్రామము గొప్ప సాక్ష్యము. అచ్చటినుండి తరముల క్రిందట మైసూరు సీమకు తరలిపోయిన యొక తెలుగు కుటుంబము ఊరిని విడిచెను గాని ఊరి పేరును విడువలేదు. ఆ కుటుంబమున ముద్దెనహల్లిలో జన్మించి, ఆ పేరును దేశమెల్ల మ్రోగించినవారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

విశ్వేశ్వరయ్యగారి పనులు మన పాఠకులెఱుగనివి కావు. 1903లో పూనా చెంత ఖడక్‌వాస్లా జలాశయమునకు వారు అమర్చిన తలుపులు, నీరు ఒక మట్టము దాటినంతనే తమంత తామే లేచి మిగులు నీటిని విడిచి, మట్టము తగ్గగానే మరల దిగెడివి. కావలివాని చేయి అక్కఱలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, నిజాము ప్రభుత్వము వారిని 1909లో రావించెను. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము ఆ సలహాకు ఫలములు. 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగిరి నెఱపిరి. 1955లో భారతరత్నమైరి. 1962లో శతవృద్ధులై పరమపదించిరి.

ఇంతటివారు 1951లో తమ కథను తామే ఇంగ్లీషున వ్రాసి ప్రకటించిరి. ఆ గ్రంథమునకు పెట్టిన పేరును గమనింపవలెను. అది “నా జీవితము” కాదు, “నా కార్యజీవిత స్మృతులు” అను అర్థమిచ్చు పేరు. అందు జలాశయములున్నవి, కర్మాగారములున్నవి, ప్రభుత్వములతో నడచిన సంప్రదింపులున్నవి. ఇంటి ముచ్చటలకు దొరకిన చోటు మిక్కిలి స్వల్పము. జీవితమెల్ల కొలతలతో, లెక్కలతో గడపినవారు తమ్ము తాము కూడ ఆ కొలమానముతోనే కొలుచుకొనిరి. ఎవరవని యడిగిన, కట్టిన కట్టడమును చూపుటయే వారి యుత్తరము. ఇది వినయమా, గర్వమా యని కొందఱు వాదింతురు. వినయమనియే నా యభిప్రాయము. ఐనను చదివి ముగించిన పిమ్మట, ఈ మహనీయుని తల్లి ఇంట నే కథలు చెప్పెనో, మోక్షగుండమును గూర్చి ఏమి తలపోసెనో యను ఆకలి తీరదు.

దీనికి ఎదుట టంగుటూరి ప్రకాశము పంతులుగారి “నా జీవిత యాత్ర”ను ఉంచి చూడుడు. 1970లో ఒంగోలు కేంద్రముగ నేర్పడిన జిల్లాలో గిద్దలూరు చేరినది. 1972లో ఆ జిల్లాకు పంతులుగారి పేరు పెట్టబడినది. వారు తమ బాల్యదారిద్ర్యమును దాచలేదు. తల్లి పూటకూళ్ళిల్లు నడపి చదివించుటను దాచలేదు. నాటకములవెంట తిరిగిన తమ కుఱ్ఱతనమును సైతము దాచలేదు. వ్రాతయను సాధన మొక్కటే యైనను, ఒకరు దానితో పనిని నిలిపిరి, ఒకరు మనిషిని నిలిపిరి.

ఇప్పుడు సాధనము మాఱినది. గిద్దలూరు అంగడివీధిలో చేతిఫోను లేనివాడు అరుదు. స్వీయచరిత్ర వ్రాయుటకు దివానుగిరి గాని, ముఖ్యమంత్రి పదవి గాని అక్కఱలేదు, బొటనవ్రేలు చాలును. ఇది ప్రజాస్వామికమైన మేలే. ఐతే పూర్వము కథ చెప్పినవాడు వినువారి ముఖము చూచెడివాడు. నేడు చూచినవారి సంఖ్యను చూచుచున్నాడు. ఏ మాటకు సంఖ్య పెరిగినదో ఆ మాటయే మరల చెప్పును. కొన్నాళ్ళకు ఆ మాటయే తానని నమ్మును. మహాపురుషుల కథలకును ఇదే గతి. ప్రభుత్వపు క్రొవ్వొత్తిని ఆర్పి సొంత క్రొవ్వొత్తిని వెలిగించుకొన్న కథను విశ్వేశ్వరయ్యగారి పేరను ఫోనులో విన్నాను. మఱి ఇద్దఱి పేరను కూడ విన్నాను!

నేను కన్నులార చూచిన దొకటి చెప్పెదను. మార్కాపురము పలకలకు దేశమంతట పేరు. మా బంధువర్గములో నొక వృద్ధుడు పడుచుతనము నుండియు ఆ రాతిని పొరలుగ చీల్చి పలకలు కోసినవాడు. ఎన్నివేల బిడ్డలు ఆయన కోసిన పలకలపై ఓనమాలు దిద్దిరో లెక్కలేదు. ఆయనకు మాత్రము వ్రాలు చేయుట రాదు. మనుమడు పట్నమునుండి వచ్చి ఫోను నిలిపి, “తాతా, నీ కథ చెప్పు” అనెను. ఆయన పొరను గుర్తించు తీరు చెప్పెను, ఉలి నానించు తావు చెప్పెను. పిదప రాతిదుమ్ము మాట యెత్తెను. తనతో పని చేసినవారు దగ్గి దగ్గి నలువదియేండ్లకే పోయిరని ఒక్కొక్కరి పేరు చెప్పసాగెను.

మనుమడు ఫోను దించి, “తాతా, ఇది విచారముగ నున్నది, ఎవరును చూడరు. ఆ ఉలి సంగతియే మరల చెప్పుము” అనెను.

వృద్ధుడు కొంతసేపు పలుకలేదు. “అది పనిరా అబ్బీ. ఇది నేను” అనెను.

పిల్లవాడు చెడ్డవాడు కాడు. వానికి సాధనము నేర్పిన లెక్క అది. ఆ రాత్రి నేను వానిని ప్రక్కకు పిలిచి, లోకమునకు చూపవలసినది వేఱు, ఇంట దాచవలసినది వేఱు అని చెప్పితిని. మఱునాడు ప్రొద్దుననే వాడు మరల ఫోను నిలిపి, ఆపకుండ గంటకు పైగా విన్నాడు. ఆ దానిని ఎవరికిని పంపలేదు. తేదీ, ఊరు, ఇంటిపేరు చేర్చి భద్రపఱచినాడు. తాత చెప్పిన చనిపోయినవారి పేర్లను వేఱొక కాగితముపై తెలుగున వ్రాసికొన్నాడు. అవి పదునొకండు. పండ్రెండవ పేరు జ్ఞప్తికి రావలెనని వృద్ధుడు ఇంకను తలపోయుచునే యున్నాడు.