నాణెముపై పుట్టుమచ్చ - గాయము



మొన్న మా తొండుపల్లిలో పొరుగింటి కోడలు ఐదురూపాయల నాణెమొకటి కొంగున ముడివైచుకొని మా యింటికి వచ్చినది. దాని యంచొకచోట అణగి, సింహముల బొమ్మ సగము చెరిగియున్నది. అది టంకశాలలోనే తప్పుపడిన అపురూపమైన నాణెమనియు, లక్షరూపాయలు పలుకుననియు, ముందుగా మూడువేలు రుసుము పంపవలెననియు ఎవరో ఫోనులో చెప్పిరట. చెవికమ్మలు కుదువబెట్టుదునా యని యామె యడిగెను. మేము భూతద్దము తెచ్చి చూచితిమి.

నాణెమెట్లు పుట్టునో యెరిగినగాని లోపమెప్పటిదో తెలియదు. మన హైదరాబాదు టంకశాల 1803లో నిజాము కాలమున వెలసి, 1903లో సైఫాబాదు చేరినది. 1997 నుండి చర్లపల్లిలో నున్నది. అచ్చటి నాణెములపై సంవత్సరము క్రింద చిన్న నక్షత్రముండును. లోహపు బిళ్ళను రెండు అచ్చుల నడుమనుంచి బలముగా నొత్తుటతో బొమ్మయు బొరుసును ఒక్కసారే పడును.

అచ్చు బీటవారినచో లోహము ఆ బీటలోనికి చొచ్చి, నాణెముపై గీత ఉబికి కనబడును. రాపిడివలని గీత లోతుగా నుండును. ఉబికినది పుట్టుమచ్చ, గంటుపడినది గాయము. బిళ్ళ ప్రక్కకు జరిగినచో బొమ్మ యొకవైపు తెగి, ఎదుటివైపు నెలవంకవలె వట్టి లోహము మిగులును. నాణెమును పుస్తకపు పుటవలె త్రిప్పినపుడు రెండు ముఖములును నిలువుగ నుండవలెను. వెనుకది ఒరిగియున్నచో అచ్చు తిరిగినదన్నమాట. సుత్తిదెబ్బ తగిలినచో అక్షరములు చదునై సాగును. రెండు నాణెములను కలిపి గట్టిగా నదిమినచో ఒకదాని బొమ్మ రెండవదానిపై అద్దములోవలె తిరుగబడి గుంటపడును. దానిని చూచి భ్రమపడువారు పెక్కురు.

పొరుగామె నాణెమున దెబ్బతగిలినచోట లోహము ప్రక్కకు పొర్లి మెరయుచున్నది; వెనుకవైపు అంకెయు నలిగినది. అది సుత్తిదెబ్బయే.

నిజమైన లోపమున్నను అన్నిటికి వేలు రావు. చిన్న బీటకు స్వల్పపు వెలయే. అనుమానమున్న నాణెమును చింతపండుతో తోమకుడు. తోమినచో వెల తగ్గును. కొనువాడు సొమ్మిచ్చును గాని ముందుగా మనలనే యడుగడు. తన పేరు వాడుకొని పాత నాణెముల యమ్మకమునకు రుసుము కోరువారిని నమ్మవలదని 2021 ఆగస్టులో రిజర్వుబ్యాంకు ప్రజలను హెచ్చరించినది.

కమ్మలు చెవులనే నిలిచినవి. ఆ యైదురూపాయలకు ఆమె సాయంకాలము కొత్తిమీర కొన్నది.