శరీరములోని గడియారము

పట్టుగూటిని తొలుచుకొని రెక్కల పురుగు వెలువడునది సాధారణముగా తెల్లవారువేళనే. మన శిడ్లఘట్ట ప్రాంతమున పట్టుపురుగులను ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఆ వేళ దానికెట్లు తెలియును? 1970లో అమెరికా శాస్త్రజ్ఞులు ట్రూమన్, రిడిఫోర్డు రెండు జాతుల అడవి పట్టుపురుగుల మెదళ్లను మార్చి అమర్చిరి. మెదడు ఏ జాతిదో, పురుగు ఆ జాతి వేళకే వెలువడెను. గడియారము మెదడులోనే కలదు!

మన మెదడులోను అట్టిది కలదు. కంట పడు వెలుగు దానిని ప్రతిదినము సరిదిద్దును. యౌవనారంభమున అది కొంత ఆలస్యముగా నడచును. కావుననే పదునాలుగేండ్ల పిల్లలకు రాత్రి త్వరగా నిద్ర పట్టదు. తల్లిదండ్రులు దీనిని సోమరితనమని నిందింపరాదు. విద్యార్థులును దీనిని సాకు చేసికొనరాదు. 13 మొదలు 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. ఉదయపుటెండలో కొంతసేపు నడువుడు. రాత్రి చేతి ఫోను దూరముగా నుంచుడు. పురుగులకు రాత్రి ఆకు వేయు పని పెద్దలు చూచుకొనుట మేలు. తరగతిలో కునుకు పట్టిన బాలుని గద్దించుటకు ముందు, “రాత్రి ఎప్పుడు పండుకొంటివి, నాయనా?” అని మేమును అడుగవలెను.