పటం అంచున మనవాళ్లు

బడి గోడకు వేలాడే ప్రపంచపటంలో ఫిజీని వెతకాలంటే చూపు కుడి అంచు దాకా పోవాలి. ఆస్ట్రేలియా దాటి, న్యూజీలాండ్ నుంచి ఉత్తరానికి జరిగితే సముద్రపు నీలంలో కొన్ని చుక్కలు కనిపిస్తాయి. 180 డిగ్రీల రేఖాంశం ఆ దేశం మీదుగానే వెళ్తుంది. తవెయుని అనే దీవిని రెండుగా కోస్తుంది. చాలా పటాలు ఆ గీత దగ్గరే ముగిసిపోతాయి కాబట్టి ఫిజీలో కొంత కుడివైపున, కొంత ఎడమవైపున మిగులుతుంది. మారిషస్ ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలిగినవాళ్లు కూడా ఫిజీ అనగానే తడుముకుంటారు. అక్కడ వందేళ్లకు పైగా తెలుగు మూలాలున్న కుటుంబాలు బతుకుతున్నాయన్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆ దేశం పేరు మనకు గట్టిగా వినబడింది సైన్యం తుపాకులు పట్టినప్పుడే.

1987 మే 14, ఉదయం పది గంటలు. మనకు ఇంకా తెల్లవారలేదు. రాజధాని సువాలో పార్లమెంటు నడుస్తోంది. ముసుగులు వేసుకున్న సైనికులు లోపలికి చొరబడ్డారు. నెల రోజుల కిందటే ప్రధాని అయిన తిమోసి బవంద్రాను, ఆయన మంత్రులను పట్టుకుపోయారు. వారిని నడిపించినవాడు లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబుకా, సైన్యంలో మూడో స్థానంలో ఉన్న అధికారి. సెప్టెంబరులో ఆయనే రెండోసారి అధికారం గుంజుకుని, అక్టోబరులో దేశాన్ని గణతంత్రంగా ప్రకటించాడు.

ఆ మే 14కు అంతకుముందే ఒక చరిత్ర ఉంది. సరిగ్గా 108 ఏళ్ల కిందట, 1879లో అదే తేదీన లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి 460 మందికి పైగా కూలీలతో ఫిజీ తీరం చేరింది. చెరకు తోటల్లో అయిదేళ్లు పనిచేస్తామని వేలిముద్ర వేసిన గిర్మిటియాలలో వాళ్లు మొదటివాళ్లు. ఆ పద్ధతిని తెచ్చిన గవర్నర్ ఆర్థర్ గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లను ఏలి, అక్కడ భారతీయ కూలీల పనిని చూసి వచ్చినవాడే. 1916 దాకా 60 వేల మందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరుచుకుంది. అక్కడినుంచి ఓడెక్కినవారు సుమారు 15 వేల మంది. వాళ్లలో ఉత్తర ఆర్కాటు, మద్రాసు వాళ్లతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు ఉన్నారు.

ఇప్పుడు పటం మళ్లీ తీయండి. విశాఖపట్నం భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో, ఫిజీ చెరకు సీమకు కేంద్రమైన లౌటోకా రమారమి అంతే దక్షిణాన ఉంది. రెండూ పదిహేడున్నర డిగ్రీల పైచిలుకే. ఎండ అదే, రుతువులు మాత్రం తలకిందులు. దేశమంతా కలిపినా విస్తీర్ణం సుమారు 18,300 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త తక్కువ. ఆ కాస్త నేల మూడు వందలకు పైగా దీవులుగా సముద్రంలో చెదిరి ఉంది.

ఇంత చిన్నచోట నాలుగు తిరుగుబాట్లు ఎందుకు జరిగాయి? భారతీయులకూ స్థానిక ఫిజియన్లకూ పడలేదు, అంతే అన్న జవాబు అన్నిచోట్లా వినబడుతుంది. అది నిజంలో ఒక ముక్క మాత్రమే. బవంద్రా భారతీయుడు కాదు, స్థానిక ఫిజియన్. లౌటోకా దగ్గరి పల్లెలో పుట్టిన వైద్యుడు.

మరో ముక్క పటంలోనే ఉంది. పెద్ద దీవి వితి లెవు మధ్యలో కొండలున్నాయి. ఆగ్నేయం నుంచి వీచే గాలులు వాటిని తాకి తూర్పున ఉన్న సువాను తడిపేస్తాయి. పడమటి వైపు వాన తక్కువ, ఎండ ఎక్కువ. చెరకుకు కావలసింది అదే. అందుకే మిల్లులు, పొలాలు, భారతీయుల ఊళ్లు ఎక్కువగా పడమటన లేచాయి. కార్యాలయాలు, అధికారం తూర్పున నిలిచాయి. స్వాతంత్ర్యం వచ్చిన 1970 నుంచి పాలించిన రాతు కమిసేసే మారా తూర్పు చివరనున్న లౌ దీవుల దొర. 1987 ఎన్నికల్లో పడమటి మనిషి, భారతీయుల ఓట్లతో కలిసి, ఆయన్ని గద్దె దింపాడు. సువాలో చాలామందికి మింగుడుపడనిది అది కూడా.

నేల సంగతి మరొకటి. దేశంలోని భూమిలో ఎనభై శాతానికి పైగా స్థానిక తెగల ఉమ్మడి ఆస్తి. అమ్మడానికి వీల్లేదు. స్థానికుల భూమి తెల్లవాళ్ల పాలు కాకుండా గోర్డన్ చేసిన ఏర్పాటు అది. దాన్ని తప్పనలేం. కానీ అదే గోర్డన్ తెప్పించిన కూలీల మనవలు, మునిమనవలు ఎన్ని తరాలు దున్నినా కౌలుదార్లుగానే మిగిలారు. ముప్పై ఏళ్ల కౌళ్లు 1997 నుంచి ఒక్కొక్కటే ముగియడం మొదలైంది. కౌలు పొడిగిస్తారో లేదో తెలియని రైతుకు, తన భూమి తనకు తిరిగి రాదేమోనని బెంగపడే తెగకు మధ్య మంట పెట్టడం రాజకీయ నాయకుడికి సులువు.

2000 మే 19న పెట్టారు కూడా. మహేంద్ర చౌధరి భారత సంతతికి చెందిన తొలి ప్రధాని అయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. జార్జ్ స్పైట్ అనే వ్యాపారి, సైన్యంలోని ప్రత్యేక దళం వారిని వెంటబెట్టుకుని పార్లమెంటులో దూరి, ప్రధానినీ సభ్యులనూ 56 రోజులు నిర్బంధించాడు. సువాలో దుకాణాలు తగలబడ్డాయి. మువానివేని ప్రాంతంలో భారతీయ రైతుల ఇళ్లను దోచుకున్నారు. కట్టుబట్టలతో పారిపోయిన కుటుంబాలు లౌటోకాలో తలదాచుకున్నది ఎక్కడంటే, తమ పెద్దల జ్ఞాపకార్థం కట్టిన గిర్మిట్ సెంటర్‌లో.

స్పైట్ దొరికిపోయాడు. రాజద్రోహానికి మరణశిక్ష పడి, అది యావజ్జీవంగా మారింది. కుట్ర విఫలమైందనే రాశారు. నాకు మాత్రం అలా అనిపించదు. మువానివేనిలో ఇల్లు వదిలిన ఒక రైతు కోర్టుకెక్కితే, 2001 మార్చిలో అప్పీలు కోర్టు 1997 రాజ్యాంగం ఇంకా చెల్లుతుందని తీర్పిచ్చింది. ఒక రైతు సాధించిన ఆ తీర్పు ముందు ఎవరైనా తలవంచాల్సిందే. అయినా చౌధరి ప్రభుత్వం తిరిగి రాలేదు. కొత్తగా ఎన్నికలు పెట్టారు. దింపాలనుకున్నవాణ్ని దింపారు, అంతే. 2006 డిసెంబరులో సైన్యాధిపతి బైనిమరామా మరోసారి అధికారం పట్టుకున్నాడు.

నష్టం లెక్క జనాభాలో కనిపిస్తుంది. 1986లో దేశంలో దాదాపు సగం మంది భారత సంతతి వారు. 2007 నాటికి 37.5 శాతం. ఉపాధ్యాయులు, డాక్టర్లు, నర్సులు ఆక్లాండ్‌కు, సిడ్నీకి, కెనడాకు, కాలిఫోర్నియాకు తరలిపోయారు. దక్షిణాదివాళ్లు 1926లో పెట్టుకున్న సంగం బళ్లు, 1941లో తెలుగువాళ్లు విడిగా కట్టుకున్న ఆంధ్ర సంగం నిలబెట్టిన భాష అప్పటికే ఇళ్లలో ఫిజీ హిందీకి చోటిచ్చింది. పెళ్లిళ్లు, గుళ్లు, ఇంటిపేర్లలో ఆనవాళ్లు మిగిలాయి.

అదే రంబుకా 2022 చివర ప్రజల ఓటుతో ప్రధాని అయ్యాడు. 2023 మే 14న, 1987లో చేసిన దానికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ఆ ఏటి నుంచి గిర్మిట్ దినం ప్రభుత్వ సెలవు. 2024 సెప్టెంబరులో స్పైట్ క్షమాభిక్షతో జైలు నుంచి బయటికొచ్చాడు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూచాలో ఆ దేశమే తేల్చుకోవాలి.

మనం చేయగలిగిన పని వేరే ఉంది. ఓడెక్కిన ప్రతి కూలీకీ ఒక వలస పాసు రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అందులో ఉంటాయి. ఫిజీలోనూ, అక్కడినుంచి మళ్లీ వలసపోయిన దేశాల్లోనూ మునిమనవలు ఆ పాసుల నకళ్లు పట్టుకుని పూర్వీకుల ఊళ్లు వెతుక్కుంటున్నారు. తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి ఆనినట్టు రాసుకున్నారు. ఆనాటి విశాఖపట్నం జిల్లా ఇప్పుడు ఎన్నో ముక్కలైంది. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. కంప్యూటర్‌లో ఆ అక్షరాలు కొడితే ఏ ఊరూ దొరకదు. ఆ వంకర అక్షరాల వెనక ఏ పల్లె ఉందో, అది పాత ఏ తాలూకా కిందిదో ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన బడిపంతులో, రెవెన్యూలో పనిచేసి రిటైరైన పెద్దాయనో చదివి చెప్పగలరు.