ముక్కలలో మొహం

సంక్రాంతి నెలలో ఇంటిముందు ముగ్గుపెట్టే ఆడపిల్లలకు ఒక కిటుకు తెలుసును. చుక్కలు ముందు, గీతలు తర్వాత. వరుసకు ఎన్ని చుక్కలో లెక్క తప్పితే, ఎంత తిరిగిన చెయ్యి అయినా ముగ్గు కుదరదు. టైలు ముక్కలను గోడకు అతికి మనిషి బొమ్మ తయారుచేసే మొజాయిక్ విద్యకు కూడా అదే మొదటి పాఠం. (మొజాయిక్ అనగానే చిప్సు పోసి పాలిషు పట్టిన గచ్చు గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు.)

విద్య పాతదే. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో పూడిపోయిన పాంపే నగరంలో, 1831లో ఒక ఇంటి నేల బయటపడింది. దానిమీద అలెగ్జాండరు, పారశీక చక్రవర్తి డరయస్‌తో చేసిన యుద్ధం. పదిలక్షలకు పైబడిన చిన్న చిన్న ముక్కలు! అలెగ్జాండరు కన్ను చూస్తే ముక్కలన్న సంగతే మరచిపోతాము. ఆ పనివాళ్ళు చేతితో గీసుకొన్న నమూనాను ఇప్పుడు కంప్యూటరు క్షణంలో ఇస్తున్నది. చిక్కంతా అక్కడే ఉన్నది.

మా నల్లజర్లలో కొత్త ఇల్లు కట్టుకొన్న మిత్రుడు ఒకాయన, మిగిలిన టైలు ముక్కలతో హాలు గోడమీద వాళ్ళ మామ్మ బొమ్మ వేయించాలనుకొన్నాడు. ఆవిడది ఉన్నది ఒక్కటే ఫోటో. కుర్చీలో కూర్చుని, వెనుక స్టూడియో తెర, నుదుట కాసంత బొట్టు, ముక్కుపుడక. దానిని ఫోనులోకి ఎక్కించి ఒక మీట నొక్కితే బొమ్మ చదరాలుగా మారింది. మామ్మ మాత్రం మాయమైంది! అక్కడ ఉన్నది ఎవరో ఒక ఆడమనిషి. బొట్టు లేదు. ముత్తయిదువగా వెళ్ళిపోయిన మామ్మకు బొట్టులేని బొమ్మ కట్టిస్తే, ఆ హాలులో ఆయన మేనత్తలు కూర్చుంటారా?

ఎందుకిలా జరిగిందో లెక్క కట్టి చూద్దాము. బొమ్మ నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. అంగుళం ముక్కలయితే 48 వరుసలు, వరుసకు 36, మొత్తం 1,728. మామ్మ మొహం అందులో సగం వెడల్పు ఉన్నదనుకోండి: 18 ముక్కలు. చిత్రకారుల కొలత ప్రకారం కన్ను మొహం వెడల్పులో అయిదోవంతు. అంటే కంటికి దక్కేది మూడున్నర ముక్కలు! రెప్ప, గుడ్డు, తెలుపు అన్నీ అందులోనే ఇమడాలి. యంత్రం ఒక్కో చదరంలో ఉన్న రంగులన్నీ కలిపి సగటు తీస్తుంది. బొట్టు నలుపు, నుదుటి తెలుపు కలిస్తే బూడిదరంగు. మనిషిని పోల్చుకొనే గుర్తులన్నీ చిన్నవే. సగటులో ముందుగా పోయేవీ అవే.

కనుక ముందు కత్తిరింపు. కుర్చీ, తెర, భుజాలు నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి. మొహం 30 ముక్కల వెడల్పుకు పెరిగితే కంటికి ఆరు వస్తాయి. మొత్తం బొమ్మకు అరంగుళం ముక్కలు వాడితే 6,912 కావాలి; అంత ఓపిక లేనివారు మొహానికి అరంగుళం, మిగతాదానికి అంగుళం వాడుకోవచ్చును.

తర్వాత ఛాయలు. పాత ఫోటోలో నలుపు వెలిసి గోధుమరంగుకు దిగి ఉంటుంది. దానిని మళ్ళీ నలుపు చేయాలి. ఆపైన ఛాయలను అయిదారుకు కుదించాలి. ఉచితంగా దొరికే గింప్‌లో ఈ పనిని పోస్టరైజ్ అంటారు. అయితే ఏ అయిదు? గోనెసంచిలో ఏమున్నదో ముందు చూచుకొని, ఆ తెలుపు, మీగడ, బూడిద, గోధుమ, నలుపులకు సరిపడా కుదించడం మేలు. లేని రంగును తెరమీద చూచి మురిసి లాభమేమిటి? కుంకుమ సంగతి వేరే చెప్పాలి. పాతకాలపు కొన్ని ఫిలిములు ఎరుపును నలుపుగా చూపేవి. బొట్టుకు ఎర్రముక్క పెట్టాలని యంత్రానికి తెలియదు. నమూనా మీద మనమే చేతితో దిద్దాలి. కనుపాపలో తెల్లని మెరుపూ అంతే.

దిద్దిన నమూనాను దూరంగా పెట్టి, కళ్ళు సగం మూసి చూడాలి. ఇది వేళాకోళం కాదు. 1973లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌కు చెందిన లియొన్ హార్మన్, లింకన్ బొమ్మను కొద్దిపాటి చదరాలకు కుదించి చూపించాడు. దగ్గరగా చూస్తే గళ్ళదుప్పటి. దూరం జరిగితే లింకన్. చదరాల అంచులు దగ్గరలో కంటిని పట్టి ఆపుతాయి, దూరాన కరిగిపోతాయి. హాలులో పది అడుగుల దూరాన పోల్చుకోగలిగితే చాలును. అతికేటప్పుడు మాత్రం గళ్ళవెంట పోరాదు. చెంప ఎటు వంగితే ముక్కల వరుస అటు వంగాలి. గళ్ళు ఛాయ ఎక్కడ మారుతుందో చెప్పడానికే.

ముక్కలను కాగితంమీద బోర్లా అతికి, తర్వాత గోడకు తిప్పి అంటించే పద్ధతి ఒకటి ఉన్నది. అందుకు నమూనాను అద్దంలో చూచినట్లు తిరగవేసి అచ్చుతీయాలి. మరచిపోతే ముక్కుపుడక రెండవ పక్కకు మారుతుంది. అసలు స్టూడియోవారే నెగటివును తిరగవేసి అచ్చు వేసి ఉండవచ్చును కూడా! దానికి ఆనవాలు పైట. మన ఆడవారి పైట సాధారణంగా ఎడమ భుజంమీద ఉంటుంది, మగవారి చొక్కా జేబు ఎడమవైపున ఉంటుంది. ఫోటోలో అవి కుడివైపున కనిపిస్తే, ముక్క అతికేముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒకమాట అడగండి.