ఒంటరిగా చేసిన లెక్కలు

బి. యస్సీ. చదువుచున్న కొడుకు గాని కూతురు గాని గణితములో తప్పినట్లు తెలిసిన నాడు, ఇంటిలో మొదట నింద మోయునది తల్లియే. “నీ గారాబమే చెడగొట్టినది” అని యొకరు, “ఆడపిల్లకు లెక్కలెందుకని నేనప్పుడే చెప్పితిని” అని యింకొకరు. ఈ నింద మన యిండ్లకే పరిమితము కాదు. అమెరికాలో బర్కిలీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పండితులు సయితము ఇంటివారిమీదనే నేరము మోపిరి. అది యబద్ధమని తేలిన విధము సోదరీమణులు వినదగినది.

1970 దశకమున యూరి ట్రైస్మన్ అను పరిశోధక విద్యార్థి యచ్చట నుండెను. అచ్చట కలనగణితము భౌతికశాస్త్రమునకును ఇంజనీరింగునకును వాకిలి వంటిది. అందు తప్పినవారికి లోపలి గదులన్నియు మూతపడును. నల్లజాతి విద్యార్థులలో పెక్కురు ఆ వాకిటనే యాగిపోవుచుండిరి. కారణమేమని యధ్యాపకుల నడుగగా, వారికి పట్టుదల లేదనియు, పునాది చాలదనియు, బీదలనియు, ఇంటివారికి చదువుపై శ్రద్ధ లేదనియు చెప్పిరి.

ట్రైస్మన్ ఆ మాటలు నమ్మి యూరకుండలేదు. ఇరువదిమంది నల్లజాతి విద్యార్థులను, ఇరువదిమంది చీనా సంతతివారిని ఎంచుకొని, నెలల తరబడి వారు చదువు తీరును కనిపెట్టి చూచెను. ఆ నల్లజాతి తలిదండ్రులు తమ బిడ్డల చదువునకై యెంతో పాటుపడినవారే! పిల్లలును సోమరులు కారు.

మరి లోప మెచ్చట? తరగతిలో గంట పాఠమునకు ఇంటివద్ద రెండు గంటలు చదువవలెనని యుపాధ్యాయులు చెప్పుచుండిరి. నల్లజాతి విద్యార్థులు దానిని శిరసావహించి వారమునకు 8 గంటలు చదివిరి, కాని యొంటరిగా. వారికి స్నేహము వేరు, చదువు వేరు. లెక్క రానప్పుడు, అది నిజముగా కఠినమైనదో, తమకే బుద్ధి చాలదో తెలియు దారి లేదు. చీనా విద్యార్థులు వారమునకు సుమారు 14 గంటలు పాటుపడిరి. మొదట ఎవరి లెక్కలు వారు చేసికొని, సాయంకాలము కూడి, కలిసి భుజించి, ఒకరి తప్పు లొకరు దిద్దుకొనుచుండిరి. అన్నయో, దాయాదియో వచ్చి ప్రశ్నలు వేయుటయు కలదు. ఒక లెక్క యెవరికిని రాకున్నచో, అది కష్టమైనదని తెలిసి మనసు కుదుటపడును.

దీనినిబట్టి ట్రైస్మన్ యొక యభ్యాసశాల నేర్పరచెను. వెనుకబడినవారికి సులువు పాఠములు చెప్పు బడి కాదది. సామర్థ్యము గలవారని గౌరవముగా పిలిచి, తరగతిలోని వానికన్న కఠినమైన లెక్క లిచ్చి, కొందరిని కొందరిని కలిపి కూర్చుండబెట్టిరి. బోధకుడు వారి నడుమ తిరుగుచు దారి చూపునే గాని తానై లెక్క చేసిపెట్టడు. అందు చేరిన నల్లజాతి విద్యార్థులు, చేరని తమవారికన్న ఎంతయో మెరుగుగా గట్టెక్కిరి. 1988లో ఆస్టిన్ నగరమందలి టెక్సస్ విశ్వవిద్యాలయమున నిట్టి యేర్పాటే మొదలయ్యెను. జాలిపడి తేలిక లెక్కలిచ్చుటకన్న, నమ్మి కష్టమైనవి యిచ్చుటయే మేలని నాకు తోచుచున్నది.

మన యింటి కాలేజి పిల్లల సంగతి చూతము. హాస్టలులోని పిల్లవానికి రాత్రి పదిగంటలకైనను తోటివారు దొరకుదురు. బస్సుపై వచ్చిపోవు ఆడపిల్లకు ఆ వసతి లేదు. పాఠము ముగియగానే యిల్లు చేరవలెను, చేరినంతనే వంటయింటి పిలుపు. ఇందు తల్లి చేయగల సాయమునకు కలనగణితము రానక్కరలేదు. ఆదివారమున వసారా ఖాళీచేసి, కూతురి తోటిపిల్లలను నలుగురిని రప్పించి, రెండు గంటలపాటు ఎవరును వారికి పని చెప్పకుండ చూచిన చాలును. ఉప్మా, కాఫీ ఖర్చు స్వల్పమే. వచ్చునప్పటికే ఎవరి లెక్కలు వారు చేసి తేవలెనని మాత్రము కట్టడి యుండవలెను. లేనిచో ఒకతె చేయుట, ముగ్గురు చూచి వ్రాసికొనుట జరుగును. కేకలు వినబడిన కోపపడరాదు. జవాబు గూర్చి తగవులాడుచున్నారన్న మాట. చీకటిపడక ముందే ఎవరిని ఎవరు ఇల్లు చేర్తురో ముందుగా నిశ్చయించుకొన్నచో, తక్కిన తల్లులును అడ్డు చెప్పరు.