కొనేముందు కూర్చుని చూడాలి
వయోధికులు, దివ్యాంగుల కారు ఎంపికలో గమనించాల్సిన అంశాలు

కరీంనగర్: ఉద్యోగ విరమణ సొమ్ము చేతికందగానే కారు కొనాలన్నది గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాల్లోని అనేక సింగరేణి కుటుంబాల కోరిక. తీరా కొన్నాక మోకాళ్లు వంగక, క్లచ్ తొక్కలేక కారును ఇంటి ముందు నిలిపి ఉంచాల్సి వస్తే ఆ సొమ్ము వృథాయే. పోలియోతో కాలు చచ్చుబడిన వారికీ ఇదే చిక్కు. అందువల్ల ధర, మైలేజీ కంటే ముందు కారు తమ శరీరానికి సరిపోతుందా అన్నది చూసుకోవాలి.

సీటు ఎత్తే కీలకం

సీటు మరీ కిందికి ఉంటే లేవడం కష్టం. మరీ ఎత్తుగా ఉంటే ఎక్కడం కష్టం. వీపు కారు వైపు తిప్పి నిలబడితే సీటు తొడల ఎత్తుకు అందాలి. ముందు కూర్చుని, ఆపై కాళ్లు లోపలికి తీసుకునే వీలుండాలి. వ్యాగన్ ఆర్ వంటి ఎత్తైన చిన్న కార్లు ఈ విషయంలో అనుకూలం. తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. చక్రాల కుర్చీ వాడేవారు దాన్ని మడిచి డిక్కీలో పెట్టి చూడాలి. నిత్యం ధరించే పంచె, చీరతోనే షోరూంకు వెళ్లి నాలుగైదుసార్లు ఎక్కి దిగితే అసలు సంగతి తెలుస్తుంది.

క్లచ్ లేని కారు మేలు

ఎడమ కాలు, ఎడమ మోకాలి సమస్య ఉన్నవారికి ఆటోమేటిక్ గేర్లు చాలు. 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ గేర్లు వచ్చాక చిన్న కార్లలోనూ ఈ సౌకర్యం అందుబాటులోకి వచ్చింది. అయితే ఏఎంటీ కారు ఎత్తులో ఆగినప్పుడు వెనక్కి జారే అవకాశముంది. కెరమెరి, మహబూబ్ ఘాట్ల మీదుగా తిరిగేవారు హిల్ హోల్డ్ ఉన్న కారునే ఎంచుకోవాలి.

కుడి కాలు పనిచేయకుంటే ఎడమ కాలితో తొక్కే యాక్సిలరేటరు, రెండు కాళ్లూ సహకరించకుంటే చేతి మీటతో పనిచేసే బ్రేకు, యాక్సిలరేటరు అమర్చుకోవచ్చు. మెడ తిప్పలేని వృద్ధులకు వెనుక కెమెరా, పెద్ద అద్దాలు అవసరం. రాత్రివేళ ఎదుటి లైట్లకు కళ్లు చెదిరితే ముందుగా కంటి వైద్యుడిని సంప్రదించాలి.

కాగితాలు సరిచూసుకోవాలి

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం దివ్యాంగుల కోసం కారులో మార్పులు చేయించుకోవచ్చు. ఆ తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం పొందడం తప్పనిసరి. కరీంనగర్ వారు ఇందుకు తిమ్మాపూర్‌లోని రవాణా కార్యాలయాన్ని సంప్రదించాలి. బీమా సంస్థకూ లిఖితపూర్వకంగా తెలపాలి. లేనిపక్షంలో ప్రమాదం జరిగినప్పుడు పరిహారం విషయంలో చిక్కులు తలెత్తవచ్చు.

55 ఏళ్లు దాటినవారికి లైసెన్సును ఐదేళ్లకోసారి నవీకరిస్తారు. 40 దాటినవారు వైద్యుని ధ్రువపత్రం జతచేయాలి.

పన్ను విషయంలో పాత లెక్క మారింది. గతంలో 40 శాతం, ఆపై అస్థి సంబంధ వైకల్యం ఉన్నవారికి చిన్న కార్లపై జీఎస్టీ 28కి బదులు 18 శాతంగా ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్లున్న చిన్న కార్లపై అందరికీ 18 శాతమే వర్తిస్తోంది. రాయితీ ఇప్పిస్తామంటూ సొమ్ము అడిగే దళారుల మాట నమ్మరాదు.

బయానా ఇచ్చేముందు కారు నడపాల్సిన వ్యక్తే స్వయంగా నడిపి చూడాలి. కుమారుడు నడిపి బాగుందన్నంత మాత్రాన తండ్రికి సరిపోతుందన్న భరోసా లేదు.